కాలనీ పార్కులో ఖాళీ జాగా ఉంది, అందరం కలిసి కూరగాయలు పండిద్దామనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

కాప్రా_వాసి
అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్‌లో కాప్రా వైపు పాత కాలనీ, అరవై దాకా ఇళ్లు ఉంటాయి. పార్కు వెనకాల సుమారు 200 గజాల జాగా ఏళ్లుగా పిచ్చిమొక్కలతో పడి ఉంది. దాన్ని శుభ్రం చేసి కూరగాయల తోట వేద్దామని అసోసియేషన్ మీటింగ్‌లో అడిగాను. సగం మంది ఉత్సాహంగా ఉన్నారు, మిగతా సగం "రెండు నెలల్లో ఎండబెట్టేస్తారు, చివరికి గొడవలు మిగులుతాయి" అంటున్నారు. మా వీధిలో షుగర్, బీపీ లేని ఇల్లు లేదు. యాభై దాటినవాళ్లు పొద్దున వాకింగ్ చేసి వస్తూ వస్తూ బండి దగ్గర ఇడ్లీ, వడ తిని వస్తారు. పిల్లలైతే ఆకుకూర కంచంలో కనబడితే లేచిపోతారు. తోట ఉంటే తినే అలవాటు మారుతుందని నా నమ్మకం. ఇలాంటిది చేసినవాళ్లు ఉంటే ఏం వేయాలో, ఎవరు చూసుకోవాలో, పంట ఎలా పంచుకోవాలో వివరంగా చెప్పండి. నీళ్లకు పార్కు బోరు ఉంది. పొద్దున ఎండ బాగానే పడుతుంది, మధ్యాహ్నం తర్వాత పక్క అపార్ట్‌మెంట్ నీడ వస్తుంది.

మిద్దెతోట_అక్క
తమ్ముడూ, ముందు ఆకుకూరలతో మొదలుపెట్టండి. టమాటా, వంకాయ, క్యాప్సికం అని ఆశపడొద్దు. అవి కాయడానికి రెండు మూడు నెలలు పడుతుంది, ఆలోపు పురుగు వస్తుంది, చూసేవాళ్లకు విసుగొస్తుంది. మెంతికూర మూడు వారాలకే కోతకు వస్తుంది, తోటకూర నెల లోపే వస్తుంది. పాలకూర, చుక్కకూర ఒకసారి వేస్తే మూడు నాలుగు కోతలు ఇస్తాయి. వేసిన నెలకే పది ఇళ్లకు తలా ఒక కట్ట చేరిందనుకోండి, ఆ రోజు నుంచి మీ మాటకు ఎవరూ ఎదురు చెప్పరు. ఇంకో మాట, మధ్యాహ్నం నీడ అంటున్నారు కదా, ఆకుకూరలకు అది మంచిదే. ఏప్రిల్, మే ఎండల్లో మాకు గ్రీన్ నెట్ కట్టకపోతే పాలకూర నిలవదు, మీకు ఆ ఖర్చు కొంత తగ్గుతుంది. పొద్దున నాలుగైదు గంటల ఎండ చాలు. కాయగూరలకు మాత్రం ఆరు గంటలైనా కావాలి, వాటిని బాగా ఎండ తగిలే వైపు పెట్టుకోండి.

బచ్చలి కంచెకు పాకించండి, రెండు మునగ చెట్లు, రెండు కరివేపాకు చెట్లు అంచున వేయండి. మునగను కొమ్మ పాతినా వస్తుంది, ఏడాదికోసారి నడుము ఎత్తుకు నరికితే ఆకు చేతికి అందుతుంది.

లెక్కల_మాస్టారు
ఉత్సాహం మంచిదే కానీ లెక్క కూడా చూసుకోవాలి. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ చెప్పే ప్రకారం పెద్దవాళ్లు కూరగాయలు, పండ్లు కలిపి రోజుకు 500 గ్రాములు తినాలి. నలుగురున్న ఇంటికి రోజుకు రెండు కిలోలు, నెలకు 60 కిలోలు. అరవై ఇళ్లకు 3,600 కిలోలు. 200 గజాల్లో నెలకు మూడున్నర టన్నులు ఏ రైతూ పండించలేడు. కాబట్టి "మన కూరగాయలు మనమే పండించుకుందాం" అని బోర్డు పెడితే మూడో నెలకే జనం నిరాశపడతారు. ఈ తోట మార్కెట్‌కు బదులు కాదు అని మొదటి మీటింగ్‌లోనే చెప్పేయండి. నేను తోటకు వ్యతిరేకిని కాదు, వచ్చిన తోట నిలబడాలని చెబుతున్నా.

మిద్దెతోట_అక్క
@లెక్కల_మాస్టారు మీ లెక్క ఒప్పుకుంటాను సార్. కానీ అరవై ఇళ్లూ రావు. పదిహేను ఇళ్లు వస్తే గొప్ప. ఆ పదిహేను ఇళ్లకు వారంలో మూడు రోజులు తాజా ఆకుకూర అందిందంటే చిన్న విషయమా? 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రాలో 58.8 శాతం అని తేలింది. నూటికి సగానికి మించి! బజారుకు వెళ్లినప్పుడు ఆకుకూర కొనాలనిపించినా, శుభ్రం చేసే ఓపిక లేక వదిలేస్తాం, తెచ్చినా ఫ్రిజ్‌లో వాడిపోతుంది. గుమ్మం దిగితే మడి ఉంటే పప్పు పొయ్యి మీద పెట్టి, వెళ్లి గుప్పెడు కోసుకొస్తాం. మా ఇంట్లో ఆకుకూర తినడం పెరిగింది అలాగే, ఎవరో చెబితే కాదు.

విశాఖ_డైటీషియన్
అక్క చెప్పింది నిజం. ఒక చిన్న విషయం చేరుస్తాను. ఆకుకూరల్లోని ఇనుము మాంసంలోని ఇనుములా సులువుగా ఒంటికి పట్టదు. పక్కన విటమిన్ సి ఉండాలి. అందుకే తోటకూర పప్పులో చివర నిమ్మరసం పిండుకోవడం, ఉసిరి పచ్చడి వేసుకోవడం మంచి అలవాటు. తోటలో ఒక నిమ్మ మొక్క వేయండి. భోజనం అవగానే టీ, కాఫీ తాగితే ఆ ఇనుము సరిగా పట్టదు, గంటైనా ఆగండి.

షుగర్ ఉన్నవాళ్లకు అసలు మార్పు కంచంలో రావాలి. కంచంలో సగం కూర, పావు భాగం అన్నమో రొట్టో, పావు పప్పో గుడ్డో ఉండాలి. మనవాళ్ల కంచంలో ముప్పావు అన్నమే, దాని మీద రెండు చెంచాల కూర. తోట పెట్టినంత మాత్రాన షుగర్ తగ్గదు, అన్నం తగ్గి ఆ చోట కూర రావాలి.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు పాలకూర, తోటకూర రోజూ తినొద్దు, వాటిలో ఆక్సలేట్ ఎక్కువ. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు పొటాషియం సమస్య, డాక్టర్‌ను అడగకుండా పెంచకూడదు. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు ఒక వారం ఆకుకూరలు విపరీతంగా తిని ఇంకో వారం మానేయకూడదు, రోజూ ఒకే మోతాదులో తినాలి. ఈ ముగ్గురూ మీ కాలనీలో తప్పకుండా ఉంటారు, తోట గ్రూపులో ముందే చెప్పండి.

జహీరాబాద్_పిల్ల
మా ఊరి వైపు మాట చెప్తా. మా దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఉన్నాయి, 1983 నుంచి పనిచేస్తున్నాయి, 2019లో ఐక్యరాజ్య సమితి వాళ్ల ఈక్వేటర్ ప్రైజ్ కూడా వచ్చింది. అక్కడ ఆడవాళ్లు జొన్న, కంది, పెసరలాంటివి ఇరవై రకాల దాకా ఒకే చేనులో కలిపి వేస్తారు. నేను చెప్పాలనుకున్నది అది కాదు. ఎవరూ వేయకుండానే చేలో మొలిచే కూరలున్నాయి కదా, వాటి గురించి. గంగవాయిలి, ఎలుకచెవి కూర, పొన్నగంటి, గునుగు లేత ఆకు, తుమ్మికూర (వినాయక చవితి నాడు మా ఇంట్లో తప్పక వండుతారు), అటికమామిడి. కాప్రా అన్న పిచ్చిమొక్కలు అన్నాడు కదా, వాటిలో సగం తినే కూరలే ఉండొచ్చు! పీకేసే ముందు మీ కాలనీలో పల్లె నుంచి వచ్చిన పెద్దమ్మ ఎవరైనా ఉంటే తీసుకెళ్లి చూపించండి. ఏది తినొచ్చో ఏది కూడదో ఆమెకు తెలుస్తుంది. మనకు గుర్తు తెలియంది మాత్రం నోట్లో పెట్టుకోవద్దు. మందు కొట్టిన జాగాలో మొలిచింది కూడా వద్దు.

కాప్రా_వాసి
@జహీరాబాద్_పిల్ల మంచి మాట చెప్పావమ్మా. మా ఎదురింటి అత్తమ్మది మెదక్ దగ్గర పల్లె, ఆమెను అడుగుతాను. ఇంకో ప్రశ్న, కొందరు పార్కు వద్దు, టెర్రస్ మీద పెడదాం అంటున్నారు. కోతులు, దొంగతనం ఉండవని. అది మంచిదేనా?

సైట్_ఇంజనీర్
టెర్రస్ అనగానే నాకు భయమేస్తుంది, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా. మనుషులు తిరిగే మిద్దెను మామూలుగా చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువు లెక్కతో డిజైన్ చేస్తారు. తడిసిన మామూలు మట్టి ఘనపు మీటరుకు 1,800 కిలోలు ఉంటుంది. అంటే ఒక అడుగు లోతు మట్టి పోసి మిద్దె అంతా మడులు కడితే చదరపు మీటరుకు 500 కిలోలు దాటిపోతుంది. మిద్దె ఆ బరువుకు కట్టింది కాదు. పాత ఇళ్లల్లో ఇనుము తుప్పు పట్టి ఉంటుంది, ఇంకా ప్రమాదం.

అలాగని వద్దనడం లేదు. మట్టి తక్కువ, కొబ్బరిపొట్టు, వర్మీ కంపోస్ట్ ఎక్కువ కలిపితే బరువు బాగా తగ్గుతుంది. గ్రో బ్యాగులు మధ్యలో కుప్పగా పెట్టకుండా కింద దూలం, గోడ ఉన్న చోట వరుసగా పెట్టండి. ఇనుప స్టాండ్ల మీద నాలుగైదు అంగుళాల ఎత్తులో ఉంచితే కింద నీళ్లు నిలవవు, స్లాబు కనబడుతుంది, కారితే వెంటనే తెలుస్తుంది. వాటర్ ప్రూఫింగ్ చేయించాకే మొదలుపెట్టండి. పది మంది ఇళ్లు ఆధారపడి ఉన్న అపార్ట్‌మెంట్ మిద్దె అయితే స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో ఒకసారి చూపించకుండా దయచేసి చేయొద్దు. నేల దొరికినవాళ్లు నేల మీదే వేసుకోవడం నా సలహా.

ఓరుగల్లు_రాజు
కోతుల గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి? మా వైపు కోతుల మంద వచ్చిందంటే జామ, టమాటా, మామిడి పిందె ఏదీ మిగలదు. కొరికి పారేస్తాయి. నెట్ కట్టాం, చింపేశాయి. ఇప్పుడు మేం చేసేది ఒకటే, కోతులకు నచ్చనివి ఎక్కువ వేస్తాం. పసుపు, అల్లం, చామ భూమిలో ఉంటాయి కాబట్టి బతికిపోతాయి. మిరప, కాకర జోలికి మా దగ్గర పెద్దగా రాలేదు. బీర, సొర కావాలంటే పైన కూడా ఇనుప మెష్ ఉన్న పందిరి వేయాల్సిందే. మీ కాప్రా వైపు కోతులు ఉన్నాయో లేదో ముందు కనుక్కోండి, ఖర్చంతా దాని మీదే ఆధారపడుతుంది.

బర్మింగ్‌హామ్_బాబాయ్
ఇక్కడ ఇంగ్లాండ్‌లో అలాట్‌మెంట్ అని ఒక పద్ధతి ఉంది, మీకు పనికొస్తుందేమో చూడండి. కౌన్సిల్ వాళ్లు ఊళ్లో స్థలాన్ని మడులుగా విడగొట్టి ఏడాది అద్దెకు ఇస్తారు. 1908లో వచ్చిన చట్టం ప్రకారం జనం అడిగితే కౌన్సిళ్లు స్థలం చూపించాలి. పాత లెక్కలో పూర్తి మడి అంటే సుమారు 250 చదరపు మీటర్లు, ఇప్పుడు చాలా చోట్ల సగం మడులే ఇస్తున్నారు. నా మడిలో తోటకూర, మెంతి, ముల్లంగి, కొత్తిమీర వేస్తా, పక్క మడిలో జమైకా పెద్దాయన గుమ్మడి, అటుపక్క పంజాబీ కుటుంబం ఆవాల కూర.

నాకు నచ్చింది ఏంటంటే నియమాలు. ఒకరి మడి ఒకరిదే, పంట వాళ్లదే. సాగు చేయకుండా గడ్డి పెరగనిస్తే నోటీసు ఇస్తారు, అప్పటికీ కదలకపోతే మడి తీసేసుకుని వెయిటింగ్ లిస్ట్‌లో ఉన్నవాళ్లకు ఇస్తారు. అందరిదీ అంటే ఎవరిదీ కాకుండా పోతుంది. కాబట్టి కాప్రా తమ్ముడూ, 200 గజాల్లో సగాన్ని చిన్న చిన్న సొంత మడులుగా ఇవ్వండి, సగం ఉమ్మడిగా ఉంచండి. కరివేపాకు, మునగ, నిమ్మలాంటివి ఉమ్మడిలో వేయండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల కోసం రెండు మడులు నడుము ఎత్తులో ఇటుకతో కట్టండి, కూర్చునే పని లేకుండా నిలబడే కలుపు తీసుకుంటారు. మా దగ్గర డెబ్బై దాటినవాళ్లు రోజూ వస్తున్నారంటే అలాంటి మడుల వల్లే.

ఇంకొకటి. పాత ఫ్యాక్టరీ జాగా, రైలు పట్టాల పక్క, పెద్ద రోడ్డు అంచున ఉన్న మట్టిలో సీసం ఉండొచ్చు. అనుమానం ఉంటే మట్టి పరీక్ష చేయించండి, లేదా బయటి నుంచి మంచి మట్టి తెచ్చి ఎత్తు మడులు కట్టండి.

లెక్కల_మాస్టారు
@బర్మింగ్‌హామ్_బాబాయ్ సగం సగం పద్ధతి నాకు బాగా నచ్చింది. ఉమ్మడి భాగం కోత మాత్రం వారంలో ఒకే రోజు, ఒకే గంటలో, అందరి ముందే జరగాలి. పనికి వచ్చినవాళ్లకు ముందు, మిగిలింది వాచ్‌మన్‌కు, చెత్త తీసే అమ్మకు, దగ్గర్లో అంగన్‌వాడీ ఉంటే అక్కడికి. ఎవరికి వాళ్లు ఎప్పుడంటే అప్పుడు కోసుకోవడం మొదలైతే తోట ఉండదు.

గుంటూరు_రైతుబిడ్డ
మందుల సంగతి. బజారు కూరగాయల మీద భయంతో తోట పెట్టి, పురుగు కనబడగానే షాపుకెళ్లి మందు తెచ్చి కొట్టేవాళ్లను చూశా. అలా చేస్తే ఇక తోట ఎందుకండీ? రైతుకు మందు కొట్టాక ఇన్ని రోజులు కోయకూడదని డబ్బా మీదే రాసి ఉంటుంది, ఇంటి తోటలో ఎవరు పాటిస్తారు?

నేల బలంగా ఉంటే సగం తెగుళ్లు రావు. జీవామృతం చేసుకోండి. 20 లీటర్ల నీళ్లకు కిలో ఆవు పేడ, లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. నీడలో పెట్టి గోనె సంచి కప్పి, పొద్దున సాయంత్రం కర్రతో తిప్పాలి, రెండు రోజులకు తయారు. పదింతల నీళ్లు కలిపి మొదళ్లలో పోయండి, వారం పది రోజుల్లో వాడేయండి. ఆకుకూరల ఆకుల మీద చల్లకండి, పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా మీద అసలే వద్దు, పేడ కదా. ఏ ఆకైనా వండే ముందు రెండు మూడు నీళ్లలో కడగాలి.

పేనుబంక, పిండినల్లి వస్తే లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తగిలేలా కొట్టండి. చాలామంది ఆకు పైన కొట్టి పనిచేయలేదంటారు, పురుగు దాక్కునేది అడుగునే. తెల్లదోమకు పసుపు రంగు జిగురు అట్టలు పెట్టండి. బెండకు పల్లాకు తెగులు తెచ్చేది ఆ దోమే. ఈనెలు పసుపు పచ్చగా మారిన మొక్క మళ్లీ బాగుపడదు, పీకేయండి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క అనామిక రకం ఆ తెగులును కొంత తట్టుకుంటుంది. బీర, కాకర, సొరకు పండు ఈగ పోటు ఉంటుంది, లింగాకర్షక బుట్టలు (మగ ఈగలను వాసనతో లాగి పట్టేవి) రెండు కట్టండి. కుళ్లిన కాయ కింద పడేసి వదలొద్దు, దాంట్లోంచే మళ్లీ ఈగలు పుడతాయి.

డల్లాస్_గోంగూర
మాకు ఇక్కడ టెక్సాస్‌లో కమ్యూనిటీ గార్డెన్ ఉంది, ఏడాదికి కొంత కట్టి మడి తీసుకుంటాం. మార్చి మధ్యకు మంచు భయం పోతుంది కానీ గోంగూర గింజ నేల బాగా వేడెక్కాక, మే నెలలో వేస్తేనే దుబ్బుగా వస్తుంది. ఆ తర్వాత ఎండ ఎంత కాసినా దానికి లెక్క లేదు, ఇండియన్ కుటుంబాలన్నిటికీ పంచినా మిగులుతుంది. ఇక్కడే పుట్టిన మా పిల్లలు గోంగూర కోసి ఈనెలు తీసే పనిలో గంటసేపు ఫోన్ ముట్టుకోరు. వాళ్లు కోసిన ఆకు కాబట్టి పచ్చడి తింటారు. కాప్రా అన్నగారూ, పిల్లలకు పూర్తిగా వాళ్లదే అయిన ఒక మడి ఇవ్వండి. పెద్దవాళ్లు చేయి పెట్టకూడదు. ముల్లంగి, చెర్రీ టమాటా వేయించండి, త్వరగా కనిపిస్తాయి.

అమెరికా మిత్రులకు చిన్న మనవి, ఇండియా నుంచి విత్తనాలు బ్యాగులో పెట్టుకుని రాకండి, పర్మిట్, ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా తెస్తే ఎయిర్‌పోర్ట్‌లో తీసేసుకుంటారు. ఇక్కడి తెలుగువాళ్ల దగ్గరే గింజలు దొరుకుతాయి, అడిగితే ఎవరూ కాదనరు.

కాప్రా_వాసి
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇవన్నీ రాసుకుని మీటింగ్‌లో చదివాను. పద్నాలుగు ఇళ్లు పేర్లిచ్చాయి. పార్కు జాగాలోనే, నేల మీదే. ఎదురింటి అత్తమ్మ వచ్చి చూసి గంగవాయిలి, పొన్నగంటి ఉన్నాయని తీసి పక్కన నాటింది! మా ఇంటి వెనక పెట్టిన బీర తీగకు పూలు బోలెడు పూస్తున్నాయి కానీ పిందె పసుపెక్కి రాలిపోతోంది. తోటలో కూడా ఇలాగే అవుతుందేమోనని టెన్షన్. ఏం చేయాలి?

మిద్దెతోట_అక్క
అది పురుగూ కాదు, తెగులూ కాకపోవచ్చు, పరాగ సంపర్కం జరగట్లేదు. ఊళ్లల్లో తేనెటీగలు, పురుగులు తగ్గిపోయాయి. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, మనం పొద్దున వెళ్లి చూస్తే ముడుచుకుని ఉంటుంది. ఐదున్నర, ఆరు మధ్యలో తీగ దగ్గర నిలబడి చూడండి. సన్నని కాడ చివర గుత్తిలో వచ్చేవి మగ పూలు. ఒంటిగా వచ్చి, పువ్వు వెనకాల వేలంత బుల్లి బీరకాయ గీతలతో సహా ఉంటే అది ఆడ పువ్వు. అప్పుడే విచ్చుకున్న మగ పువ్వు ఒకటి కోసి, రేకులు వెనక్కి విరిచి, మధ్యలో పసుపు పొడి వేలికి అంటుతోందో లేదో చూడండి. అంటితే దాన్ని ఆడ పువ్వు మధ్యలో ఉండే తడి తడి ఆకుపచ్చ బుడిపె మీద మెల్లగా మూడు వైపులా రుద్దండి. రెండు రోజులకు పిందె కాడ కిందికి వంగి లావెక్కిందంటే నిలిచినట్టే. సొర కూడా సాయంత్రమే. గుమ్మడి, కాకర అయితే పొద్దున్నే.

తోట చుట్టూ బంతి, తులసి వేయండి, పూత ఉంటే తేనెటీగలు వస్తాయి. అప్పుడు చేత్తో రుద్దే పని తగ్గుతుంది.

సైట్_ఇంజనీర్
దోమల మాట మర్చిపోకండి. డెంగీ దోమ పెరిగేది మంచి నీళ్లల్లోనే. కుండీల కింద ప్లేట్లు, నీళ్లు పట్టి పెట్టిన డ్రమ్ములు, పారేసిన కొబ్బరి చిప్పలు వారానికోసారి ఖాళీ చేసి ఎండబెట్టాలి. శుక్రవారం డ్రై డే అంటారు కదా, కోత రోజు కూడా అదే రోజు పెట్టుకుంటే రెండు పనులూ అయిపోతాయి. డ్రమ్ముకు దోమతెర గుడ్డ కట్టి రబ్బరు బ్యాండ్ వేయండి. ఆరోగ్యం కోసం పెట్టిన తోట వల్ల పిల్లలకు జ్వరాలు రాకూడదు.

విశాఖ_డైటీషియన్
కంపోస్ట్ మొదలుపెట్టారా? పద్నాలుగు ఇళ్ల తడి చెత్త చాలా ఉంటుంది. రెండు డ్రమ్ములకు చుట్టూ రంధ్రాలు పెట్టి ఒకటి నిండాక ఇంకోటి వాడండి. ఒక పొర కూరగాయల తొక్కు, దాని మీద రెట్టింపు ఎండుటాకులు, కొంచెం పుల్లమజ్జిగ. వాసన వస్తుంటే తడి ఎక్కువైందని అర్థం, ఎండుటాకులు కలపండి. పార్కులో రాలే ఆకులు తగలబెట్టడం మాన్పించి అటు పంపించండి, పొగ కూడా తప్పుతుంది.

కాప్రా_వాసి
డ్రమ్ములు ఒకాయన ఇస్తానన్నారు. కోత శుక్రవారం సాయంత్రం అని పెట్టుకున్నాం, ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు కూడా ఉంటారు కదా. ఇప్పుడు జూన్ మొదలైంది, తొలకరి పడింది. ముందు ఏ గింజలు కొనాలి? మడి నాలుగడుగుల వెడల్పు, పదడుగుల పొడవు అనుకుంటున్నాం.

గుంటూరు_రైతుబిడ్డ
నాలుగడుగుల వెడల్పు సరైనది, రెండు వైపుల నుంచీ చేయి అందుతుంది, మడిలో కాలు పెట్టే పని ఉండదు. తోటకూర, గోంగూర, బెండ, గోరుచిక్కుడు ఇప్పుడే వేయండి. బీర, కాకర, సొర పందిరి కింద పాదుకు మూడు గింజలు పెట్టి, మొలిచాక మంచిది ఒకటి ఉంచండి. వానాకాలం కాబట్టి మడి చుట్టుపక్కల నేల కంటే అర అడుగు ఎత్తులో ఉండాలి, లేకపోతే నీళ్లు నిలిచి వేర్లు కుళ్లిపోతాయి. తోటకూర గింజ ఆవగింజ కంటే చిన్నది, నేరుగా చల్లితే గుంపుగా పడుతుంది, నాలుగింతల సన్న ఇసుక కలిపి చల్లి, పైన మట్టి పలచగా కప్పండి. పాలకూర, మెంతి, టమాటా, క్యాబేజీకి తొందరపడకండి, సెప్టెంబరు చివర చూద్దాం. ఆకుకూర గింజలు ఒకేసారి మొత్తం చల్లేయకండి, పది రోజులకో మడి చొప్పున వేస్తే ప్రతి శుక్రవారం కోతకు ఏదో ఒకటి ఉంటుంది.

జహీరాబాద్_పిల్ల
పుంటికూర (గోంగూరనే మేం అలా అంటాం) గింజలు మా అమ్మ దగ్గర ఉన్నాయి, ఎర్ర కాడది. అన్నా, వచ్చే వారం నేను సిటీకి వస్తున్నా, ఈసీఐఎల్ దాకా వస్తే ఇస్తాను. నాలుగు మడులకు సరిపోతాయి. చివర్లో రెండు మొక్కలు కోయకుండా వదిలేయండి, వచ్చే ఏడాదికి గింజ మీ దగ్గరే ఉంటుంది.